బాబాయి చుట్టుదారి

మా బాబాయికి ఊళ్లో ఇళ్ళు కనబడవు, ఇళ్ళ కింద ఏరు చేసిన నేలే కనబడుతుంది. నగరపాలక కార్యాలయంలో పటాలు గీసే ఉద్యోగం ఆయనది. ఊరి మధ్య ఏటిలోయలో ఉన్న గట్లు, మెట్టలు, పల్లాలు, ఎండిపోయిన పాయలు అన్నీ ఒకే పటంలోకి ఎక్కిస్తున్నాడు. ఆఫీసు సాయంత్రం మూసేస్తారు గానీ, ఆ పిచ్చి ఆయనతో ఇంటికొచ్చేస్తుంది.

ఆయన్ని దారి అడిగినవాడి పని అయిపోయినట్టే.

"బస్టాండు ఎటండీ?" అన్నాడు ఒకాయన.

"ఈ పాత పాయ దాటి, ఎడమ గట్టు పట్టుకుని వెళ్ళండి."

"ఇక్కడ ఏరెక్కడుందండీ?"

"మీరు నిలబడింది ఏట్లోనేనండీ!"

పాపం, ఆ పెద్దమనిషి గభాలున ప్యాంటు పైకి మడుచుకున్నాడు.

ఇంట్లో అలమార తలుపు దానంతటదే తెరుచుకుంటోందని పిన్ని వడ్రంగిని పిలవమంది. "వాడేం చేస్తాడే? మన ఇల్లు సగం మెట్ట మీద, సగం పల్లంలో ఉంది" అంటూ బాబాయి అలమార కింద అట్టముక్క దోపి, సంబరంగా వెళ్ళి పటంలో గీత సవరించుకున్నాడు.

పిన్ని మోకాలికి ఆపరేషన్ అయ్యాక ఈ పిచ్చి మరీ ముదిరింది. ఎదురుగా కనిపించే కొట్టుకి కూడా నన్ను సందులన్నీ తిప్పి తీసుకెళ్ళేవాడు. ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించే రకం!

"తిన్నగా వెళ్ళలేమా బాబాయ్?"

"ఏరెప్పుడైనా తిన్నగా పారిందటే?"

చివరికి పటం పూర్తయింది. ఆవిష్కరణ మెట్ట మీది హాల్లో. అక్కడికి పోవాలంటే నిటారుగా మెట్లు. డాక్టరేమో పిన్నిని మెట్లెక్కొద్దన్నాడు.

"కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఈ పటం గోలే వింటున్నాను, చూడకుండా ఉంటానా? కుర్చీలో మోసుకెళ్తామంటే మాత్రం ఊరుకోను. నేనేమన్నా బీరువానా?" అంది పిన్ని. పైకి నవ్వింది గానీ, కళ్ళు చెమర్చాయి.

ఆవేళ నేను మెట్లెక్కి, ఆయాసంతో నాలుక బయటపెట్టి కూలబడ్డాను. పెద్ద ఆఫీసరు వచ్చేశాడు. బాబాయి జాడ లేదు. ఇంతలో వెనక తలుపులోంచి పిన్ని! కొంగు చెదరలేదు, చెమట పట్టలేదు.

"ఎలా వచ్చావు పిన్నీ?"

"నడిచే! ఎక్కినట్టే లేదే!"

"పూర్వం ఈ మెట్ట మీంచి ఒక వాగు వంపులు తిరుగుతూ మెల్లగా దిగేది. ఇప్పుడది వెనక సందు. నీళ్ళు దిగిన దారినే మేం ఎక్కాం" అన్నాడు బాబాయి.

"అయితే నన్ను ఆ సందులన్నీ తిప్పింది..."

"మీ పిన్ని కాలికి నొప్పి లేని దారులు వెతుక్కోవద్దూ మరి?"

పటం మీది తెర తీయగానే హాలంతా చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. "మా బాబాయే!" అని పక్కనున్న ముక్కూమొహం తెలియనివాళ్ళకి కూడా చెప్పుకున్నాను.

వెనక సందులోంచి దిగి తిరిగొస్తుంటే, మెట్ల మొదట్లో చేతికర్రతో ఒక తాతగారు నిలబడి ఉన్నారు. "పటం చూద్దామని వచ్చానమ్మా. ఇన్ని మెట్లు నావల్ల కాదు."

బాబాయి నోరు తెరిచేలోపే నేనందుకున్నాను. "అదిగో, ఆ వాగులో పడి వెళ్ళిపోండి తాతగారూ!"

తాతగారు కంగారుగా వంగి ప్యాంటు మడుచుకోబోయారు.

"మడవక్కర్లేదు, రండి, నేను చూపిస్తాను. ఇందాక నేనూ తడవకుండానే వచ్చాను" అంటూ పిన్ని నవ్వుతూ మళ్ళీ ఆ దారి పట్టింది.