రెండో భాగంలో లేని "అన్నా"

ఒకసారి "అన్నయ్యా" అని పిలిచిన మనిషిని... ఆ తర్వాత ప్రేమించవచ్చా?

నా చిన్నప్పుడు, బందరులో మా అమ్మమ్మగారింటి వరండాలో, పద్మ పిన్నీ నేనూ ఒకే పుస్తకం మీదకి వంగి కూర్చున్నప్పుడు మొదలైన ప్రశ్న ఇది. నలభైల్లోకి వచ్చినా నన్ను వదల్లేదు... నవ్వుకుంటే నవ్వుకోండి.

పిన్ని అంటే మా అమ్మ ఆఖరి చెల్లెలు. అప్పుడే డిగ్రీ అయింది. వేసవి సెలవులకి నేను వెళ్తే, అద్దె పుస్తకాల షాపు నుంచి నవలలు మోసుకురావడం నా ఉద్యోగం. ఆ ఏడు దొరికింది ఒక మాంత్రికుల విద్యాపీఠం కథ. కొండ మీద గాజు బురుజులు, వాన కురిపించడం నేర్పే తరగతులు... కొత్తగా చేరిన నీహార, పై తరగతి చదివే అగ్నిసేనుడు. అక్కడొక నియమం. పై తరగతి వాళ్ళని "అన్నా" అనే పిలవాలి. తప్పితే నేర్చిన మంత్రాలన్నీ మర్చిపోతారు.

మొదటి భాగం చివర్లో బురుజు కూలిపోతుంటుంది. అతను చెయ్యందిస్తాడు. ఇప్పుడైనా నన్ను పేరు పెట్టి పిలువు, అంటాడు. నీహార నోరు తెరుస్తుంది...

అంతే. మొదటి భాగం సమాప్తం.

ఆ పిల్ల బురుజు కింద పడి చచ్చిపోతుందేమోనని నా బెంగ. పిన్ని బెంగ వేరు. ఏమని పిలిచి ఉంటుందే, ఏమని పిలిచి ఉంటుందే అని అన్నం తింటూ కూడా నన్నే అడిగేది.

ఎందుకో చెప్పాలంటే మేడ మీద గది సంగతి చెప్పాలి. అందులో ప్రసాద్ గారని ఒకాయన అద్దెకుండేవారు. సొంతూరు నాగాయలంక, బందరు పక్కన గూడూరులో గవర్నమెంటు ఉద్యోగం. ఆయన రేకు పెట్టె దించిన రోజునే అమ్మమ్మ వంటింట్లోంచి కేకేసిందట... "పద్మా, అన్నయ్యగారికి మంచినీళ్ళివ్వు."

మా ఇళ్ళల్లో అది కంచె లాంటి మాట. పెళ్ళికాని పిల్లున్న ఇంటికి పెళ్ళికాని మగాడు వస్తే, ముందు ఆ మాట కట్టి, ఆ తర్వాతే కాఫీ ఇస్తారు. పిన్ని ఆయన మొహం సరిగ్గా చూడకముందే ఆయన అన్నయ్యగారైపోయారు.

ఆయనా ఆ పుస్తకం తీసుకుని చదివారు. "రెండో భాగం వచ్చిందాండీ?" అని మెట్ల మీద నుంచి అడిగేవారు. "ఇంకా లేదండీ" అనేది పిన్ని. ఆ "అండీ"కీ, అమ్మమ్మ వినేలా పలికే "అన్నయ్యగారూ"కీ తేడా నా చెవికి కూడా తెలిసేది...

షాపు బాషా గారిని రోజూ వేధించేదాన్ని. "గుడివాడలో ఉందమ్మా, మా బామ్మర్ది షాపులో. అక్కడ ఆడాళ్ళు చేతులు మార్చుకుంటున్నారు గానీ వదలట్లేదు. మీ పిన్నికి చెప్పు, పుస్తకమేగా, ఎక్కడికీ పారిపోదు" అనేవారు. ఆ మాట ఇంట్లో చెప్తే పిన్ని నవ్వలేదు. ప్రసాద్ గారికి బదిలీ వచ్చేలా ఉందని అప్పటికే అనుకుంటున్నారు మరి.

చివరికి రెండో భాగం వచ్చింది. పిన్ని మొదటి పేజీ తిప్పుతుంటే భుజం మీంచి తొంగి చూశాను...

"అగ్నీ, తలుపు వెయ్యి" అంటోంది నీహార.

మొదటి పేజీలోనే. మధ్యలో కొన్నేళ్ళు గడిచిపోయాయట. బురుజు దగ్గర ఏమందో లేదు. ఆ నియమం ఏమైందో లేదు. మంత్రాలన్నీ భేషుగ్గా గుర్తున్నాయి. పుస్తకం మొత్తం వెతికినా "అన్నా" అన్న మాటే లేదు. రాసినాయన మర్చిపోయాడు, అంతే. నేను మోసం మోసం అని గోల పెట్టాను. పిన్ని పుస్తకం మూసి, "అంత తేలికా?" అంది. నాతో కాదు.

పుస్తకం మేడ మీదకి వెళ్ళింది. మర్నాడు సాయంత్రం పిన్ని కాఫీ గ్లాసుతో మెట్లెక్కింది, వెనకాల చేగోడీల పళ్ళెంతో నేను. ప్రసాద్ గారు అప్పటికే చదివేశారు. అట్ట మీద చెయ్యి వేసి, మా వైపు చూడకుండా అన్నారు.

"చూశారాండీ... పేరు పెట్టే పిలుస్తోంది. ఎవరూ ఏమీ అనలేదు."

పిన్ని చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. కింద నుంచి అమ్మమ్మ, కాఫీ ఇచ్చావుటే, అని అడిగింది. మామూలుగానే అడిగింది.

"తాగండి" అంది పిన్ని.

ఆగింది... పళ్ళెంలో చేగోడీలు చప్పుడు చేస్తాయేమోనని నేను రెండు చేతులతో పట్టుకున్నాను.

"తాగండి, అన్నయ్యగారూ."

ఆయన తలూపి గ్లాసు అందుకున్నారు. సెలవులయ్యేలోపే బదిలీ మీద వెళ్ళిపోయారు. తర్వాత పిన్నికి గుడివాడ సంబంధం కుదిరింది. బాబాయి మంచివాడు, పిన్ని బాగానే ఉంది. ఈ మాట నొక్కి చెప్పకపోతే నన్ను చంపేస్తుంది. ఒకసారి ధైర్యం చేసి ఆ సాయంత్రం గురించి అడిగాను. "రాసినాయన మర్చిపోయాడు గానీ నేను మర్చిపోతానుటే?" అని నవ్వింది. ఏది మర్చిపోలేదో చెప్పలేదు.

ఇప్పుడు మా అమ్మాయి ఫోన్లో అలాంటి విద్యాపీఠం ప్రేమకథే చదువుతోంది. రెండో భాగం కోసం నెలల తరబడి గోళ్ళు కొరుక్కుంది. మొన్న అది వచ్చిందని గంతులేస్తుంటే, మొదట్లో ఆ పిల్ల అతన్ని ఏమని పిలిచేదే, అని అడిగాను.

"బ్రో అనే అనుంటుందమ్మా... అయితే ఏంటి?"

వీళ్ళకి ఆ మాట కంచె కాదు, పలకరింపు. నిన్నటి బ్రో రేపు ఇంకేదైనా కావచ్చు. మంచిదే అనుకుంటాను... మరుక్షణమే, ఏ కంచే లేకపోతే ఎలా అని భయమూ వేస్తుంది.

మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు, మొహం చూడకముందే అన్నయ్యగారైపోయినవాళ్ళు. గుర్తొస్తే కింద రాయండి... అందరివీ చదువుతాను.

నేను మాత్రం, ఆ రెండు "తాగండి"ల మధ్య పిన్ని భయపడిందో, లేక ఆలోచించుకుని తనే వద్దనుకుందో... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.