పోగు తెగిందా

మా ధర్మవరం వీధిలో మగ్గం నడుస్తుంటే ఎవరూ పట్టించుకోరు. ఆగితేనే చెవి పెడతారు. పని మధ్యలో పక్కింటి మగ్గం ఆగిందంటే, కూర్చున్నచోటి నుంచే గోడ మీదుగా "పోగు తెగిందా?" అని కేకేయాలి. "లేదు, అట్లే ఉండాది" అని జవాబు రావాలి. రాకపోతే లేచి పోయి చూడాలి.

మా చెల్లెలిది గోడ అవతలి ఇల్లు. భర్త లేడు. కూతుర్ని హిందూపురంలో మిషన్ స్కూలు హాస్టల్లో చేర్చింది. ఆ పిల్ల అక్కడ పియానో నేర్చుకుంటోందని తెలిసి ఎగతాళి చేశాను.

"ఆ పెట్టె వాయించి ఎన్ని చీరలు నేస్తాదమ్మా నీ కూతురు?"

"నీకు చేతనైంది నువ్వు నెయ్యన్నా. దాని చేతులు దానివి."

ఆ మాటకు ఆమెతో మాట్లాడటం మానేశాను. నెల తిరక్కముందే ఒక మధ్యాహ్నం ఆమె మగ్గం ఆగింది. విన్నాను. ముందు ఆమే పలకనీ అనుకుని నా చీర నేను నేసుకుంటూ పోయాను. సాయంత్రం ఎవరో చూసేసరికి మగ్గం మీదికి వాలిపోయి ఉంది. గుండెపోటు. అప్పుడే చూసుంటే బతికేదేమో అన్నాడు డాక్టరు. నేను విన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

మూడేళ్లకు, రెండువేల సంవత్సరం దాటినాక, ఆ స్కూలు హాల్లో పిల్లలకు పియానో పోటీ పెట్టారు. గెలిచిన పిల్లను బెంగళూరులో ఒక టీచరు తన దగ్గర పెట్టుకుని నేర్పుతుందట. మేనకోడలు రమ్మని ఉత్తరం రాసింది. పోయి మూడో వరసలో కూర్చున్నాను.

పాట కాగితాలు ఎగరకుండా ఫ్యాన్లు ఆపేశారు. మేనకోడలు వాయిస్తోంది. ఎడమచెయ్యి ఒకే దెబ్బను తిప్పి తిప్పి కొడుతోంది. కాలితో తొక్కినప్పుడల్లా కిందినుంచి చెక్క సద్దు. కళ్లు మూసుకున్నాను. గోడ అవతలి నుంచి వస్తున్నట్టే ఉంది.

ఆగింది. చేతులు రెండూ గాల్లో ఉన్నాయి. ఆ నిశ్శబ్దం కూడా పాటలో భాగమేనని తర్వాత తెలిసింది. హాల్లో ఎవరూ కదల్లేదు. నా నోరు నా మాట వినలేదు.

"పోగు తెగిందా?"

ఒక్కరూ నవ్వలేదు. వేదిక మీదినుంచి, తల తిప్పకుండానే, జవాబు వచ్చింది.

"లేదన్నా. అట్లే ఉండాది."

ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి నన్ను మామా అనే పిలుస్తుంది.

గాల్లో ఉన్న చేతులు మళ్లీ కిందికి దిగలేదు. కాసేపు చూసి, టైమైపోయిందని గంట కొట్టారు. బెంగళూరు అవకాశం ఇంకో పిల్లకు పోయింది.

సెలవులిచ్చారని మేనకోడల్ని బస్సులో వెంటబెట్టుకుని వస్తున్నాను. పెనుకొండ కొండ కనిపించాక అడిగాను.

"నన్ను అన్నా అన్నావెందుకమ్మా?"

"నేను యాడ పలికినా మామా? నువ్వు అరిసినావు, నేను పాట మర్సిపోయినా. అంతే." నవ్వింది. "పియానోకు పోగులుంటాయా అని మా టీచరు అడిగింది. లోపలంతా తీగలే కదా మిస్, మా మామ సరిగ్గానే అడిగినాడంటి."

ముందు సీటు కడ్డీ మీద ఆమె వేళ్లు మిగిలిపోయిన పాట వాయిస్తున్నాయి. ఆ నవ్వు చూశాక దాచుకోలేకపోయాను.

"ఆ దినం మీ అమ్మ మగ్గం ఆగింది నేను విన్నానమ్మా. అడగలేదు."

వేళ్లు ఆగిపోయాయి.

ధర్మవరం వచ్చేదాకా కదల్లేదు. పక్కనే ఉన్నాను. పోగు తెగిందా అని అడగడానికి నాకు నోరు రాలేదు.