మందు వేయని ఆరు డ్రెయిన్లు

ఆరేళ్ళుగా ఒక బరువు నా గుండెల మీద ఉంది. భార్య పోయిన దుఃఖం అనుకుంటారు అందరూ. ఆ దుఃఖం కింద ఇంకొకటి ఉంది. దాన్ని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

న్యూజెర్సీలో ఒక పాత ఊరి హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేవాణ్ణి. ఆ వీధుల కింద వాన నీటి కాలవలు నూరేళ్ళ కిందట ఇటుకలతో కట్టినవి. వేసవి మొదట్లో ఒక్కో డ్రెయిన్ జాలీలోంచి దోమల మందు బిళ్ళ వేసి, పక్కన రోడ్డు అంచున ఆకుపచ్చ చుక్క పెట్టాలి. చుక్క కనిపిస్తే ఆ వేసవికి ఇంకెవరూ అటు చూడరు.

మా సొంత వీధిని చివరికి ఉంచుకున్నాను. ఆరు డ్రెయిన్లు మిగిలాయనగా బిళ్ళలు అయిపోయాయి. పెయింట్ డబ్బా చేతిలోనే ఉంది. మందు రేపు వేద్దాంలే అనుకుని ఆరింటికీ చుక్కలు పెట్టేశాను. మర్నాడు నన్ను వేరే పేటకు పంపారు. తర్వాత మరిచిపోయానా? పూర్తిగా మరిచిపోలేదు. రోజూ కారు తీస్తూ ఆ చుక్కలు చూసేవాణ్ణి. చూసిన ప్రతిసారీ పని అయిపోయినట్టే ఉండేది. నేను పెట్టిన గుర్తును నేనే నమ్మాను.

సాయంత్రాలు వాకిట్లో కూర్చుని చదువుకోవడం నా భార్య అలవాటు. ఆగస్టులో ఆమెకు జ్వరం వచ్చింది. ఐదో రోజుకు నన్ను గుర్తుపట్టలేదు. దోమ వల్ల వచ్చే వెస్ట్ నైల్ అన్నారు. ఆ మాట విన్నాక ఆమె మంచం పక్కన కూర్చోవలసినవాణ్ణి, ఆఫీసుకు వెళ్ళి బిళ్ళలు తెచ్చాను.

మిట్టమధ్యాహ్నం. వీధిలో మనిషి లేడు. మొదటి డ్రెయిన్ మీద వంగాను. జాలీలోంచి పడుతున్న ఎండలో, నల్లటి నీళ్ళ అంచున వందల దోమ పిల్లపురుగులు తలకిందులుగా వేలాడుతూ గాలి పీలుస్తున్నాయి. నా నీడ పడగానే అన్నీ ఒక్కసారిగా కిందికి దిగిపోయాయి. నేను కదల్లేదు. కాసేపటికి ఒక్కొక్కటే పైకి వచ్చి మళ్ళీ వేలాడాయి. వచ్చిందెవరో వాటికి తెలిసినట్టు అనిపించింది.

ఆరింట్లోనూ మందు వేశాను. ఎవరిని కాపాడటానికి? ఆ జవాబు నాకు అప్పుడే తెలుసు.

మూడు రోజుల తర్వాత కౌంటీ దోమల శాఖ వాళ్ళు వచ్చి పరీక్ష చేశారు. డ్రెయిన్లలో ఏమీ దొరకలేదు. ఎదురింటి సుగుణ కరివేపాకు కుండీల కింద పళ్ళాల్లో నీళ్ళు నిలిచి పురుగులు కనిపించాయి. కాగితాల్లో అదే రాసుకున్నారు. ఆ వారమే నా భార్య పోయింది.

పదకొండో రోజున సుగుణ వచ్చింది.

"అన్నయ్యగారూ, నా కుండీల వల్లే కదా వదిన పోయింది. కౌంటీ వాళ్ళు ఒక్క మాట అనలేదు, ఫొటోలు తీసుకుని వెళ్ళిపోయారు. తిట్టినా బావుండేది."

"ఊరుకో అమ్మా. కావాలని చేశావా?"

"నీ కరివేపాకు కన్నా దోమలే ఏపుగా పెరుగుతున్నాయే, ఆ ప్లేట్లు క్లీన్ చేసుకోవే అనేది వదిన. నేను నవ్వి ఊరుకునేదాన్ని."

"నా మనసులో నీ మీద ఏమీ లేదు."

ఆమె వంగి నా కాళ్ళకు దణ్ణం పెట్టింది. నేను వద్దనలేదు.

ఆ దోమ ఏ నీళ్ళలో పుట్టిందో ఎవరికీ తెలియదు. పళ్ళెంలోనే కావచ్చు. ఆ 'కావచ్చు'ను పట్టుకుని ఇన్నాళ్ళు బతికాను. కానీ తెలుసుకునే దారిని మూసేసింది నేనే కదా?

పాతకాలపు లండన్ పేటల ఆరోగ్యాధికారుల నివేదికలు చదవడం నాకిష్టం. వీధి పేరు, ఎదురుగా ఎందరు పోయారు, కారణం ఏమిటి. ఒకప్పుడు అన్నీ నమ్మేవాణ్ణి. ఇప్పుడు కారణం రాసిన గడి దగ్గర నా చూపు ఆగిపోతుంది. ఆ గడి నింపిన మనిషి ఎలాంటివాడు? ఆ మధ్యాహ్నం అతను ఎక్కడున్నాడు?

సుగుణ ఇప్పుడు ఒక్క మొక్క కూడా పెంచడం లేదు. వేసవిలో కిటికీలు తెరవదు. ఏటా నా భార్య తిథికి వచ్చి వంటంతా తనే చేస్తుంది. తినమంటే మాత్రం తినదు. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

ఇది రాస్తుంటే ఊపిరి కాస్త సాఫీగా ఆడుతోంది. నిజం చెప్పాను. కానీ చెప్పింది మీకు. సుగుణకు ఇంకా చెప్పలేదు.