కిరణ్ అడిగిన ప్రాసెసర్

అది రెండు వేల ఇరవై నాలుగు, ఎండాకాలం. విజయవాడ వన్ టౌన్‌లో మాది కంప్యూటర్ విడిభాగాల షాపు. నేను చదివింది ఎనిమిదో తరగతే. బిగించడం మా ఆయన దగ్గర చూసి నేర్చుకున్నాను. ఆయన సర్వీసు పని మీద బయటికి వెళితే కౌంటరూ నాదే, స్క్రూడ్రైవరూ నాదే.

ఆ మధ్యాహ్నం హనుమాన్ జంక్షన్ దగ్గర ఒక పల్లెటూరు నుంచి సుబ్బారావు గారనే పెద్దాయన వచ్చారు. సీపీయూ బాక్సును పాత చీరలో చుట్టి, పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకొచ్చారు. ఫోన్‌లో ఒక మెసేజ్ చూపించి, అందులో ఉన్న ప్రాసెసరే కావాలన్నారు. ప్రాసెసర్ అంటే కంప్యూటర్‌కి మెదడు లాంటిది. ఆయన అడిగింది బాగా ఖరీదైన రకం.

"బాబాయ్ గారూ, ఇంత పెద్దది దేనికండీ? చేపల చెరువు లెక్కలకైతే ఇప్పుడున్నదే ఎక్కువ" అన్నాను నవ్వుతూ.

"నాక్కాదమ్మా, మా వాడికి."

"మరి అబ్బాయిని కూడా తీసుకురాకపోయారా? ఏది సరిపోద్దో వాళ్ళకే బాగా తెలుస్తుంది."

"వాడు లేడమ్మా. పోయినేడు హైవే మీద బండిమీద వస్తుంటే లారీ..."

మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాను. నీళ్ళు తాగి ఆయనే చెప్పారు. అబ్బాయి పేరు కిరణ్. ఇల్లు కట్టకముందే అది ఎలా ఉంటుందో కంప్యూటర్‌లో బొమ్మ చేసి చూపించే పని. ఒక్కో బొమ్మకి గంటలు పడుతుంటే కొత్త ప్రాసెసర్ కొనమని అడిగి, దాని పేరు తండ్రికి మెసేజ్ పెట్టాడు. "చెరువు పట్టుబడి అయ్యాక, చేపల డబ్బు రానీ, చూద్దాం" అన్నారు తండ్రి. పట్టుబడి కాకముందే పిల్లవాడు పోయాడు. వచ్చే వారం సంవత్సరీకం. ఇష్టమైనవన్నీ ఫొటో ముందు పెడతారు కదా, ఇది కూడా ఆ కంప్యూటర్‌లో బిగించి పెట్టాలని ఆయన పట్టుదల.

"లోపల ఉన్నవి వేరే డిస్కులోకి కాపీ తీసుకున్నారా?" అని అడిగాను.

"నువ్వు డిస్కు తియ్యట్లేదుగా అమ్మా. వాడివి వాడి దగ్గరే ఉంటాయి. నువ్వు మార్చు."

మార్చాను. స్విచ్ వేస్తే మామూలు స్క్రీను రాలేదు. నల్లటి తెర మీద నాలుగు ఇంగ్లీషు లైన్లు వచ్చాయి. ప్రాసెసర్‌లో టీపీఎం అని ఒకటి ఉంటుంది, తాళంచెవులు దాచే పెట్టె లాంటిది. డిస్కుకి తాళం వేసి ఉంటే దాని చెవి అందులోనే ఉంటుంది. కీబోర్డులో వై అక్షరం నొక్కితే ఆ పాత చెవి పోతుంది. ఎన్ నొక్కితే పోదు, కానీ అది పనికిరావాలంటే పాత ప్రాసెసర్ మళ్ళీ పెట్టాలి. ఆ తెర అడుగుతున్నది అదే, ఇంతకుముందు మా ఆయన చదివి చెప్పగా నాకు తెలుసు.

"కంప్యూటర్ తెరిచే లాక్ నంబరు తెలుసాండీ?"

"నాకు తెలీదు. మా ఇంటావిడే రోజూ ఏవో నంబర్లు నొక్కుతా కూర్చుంటది. ఇంతవరకు తెరుచుకోలా."

ఆ చెవి పోయినా డిస్కు తెరవడానికి రికవరీ కీ అని పొడుగాటి అంకె ఒకటి ఉంటుంది. అది కిరణ్ మెయిల్‌లో ఉండాలి. ఆ మెయిల్ ఏదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోను లారీ కిందే నుజ్జయిపోయింది. ఇదంతా ఆయనకి విడమరిచి చెప్పాను.

"వై నొక్కితే కంప్యూటర్ ఆడుద్దా?"

"కొత్తగా అన్నీ ఎక్కిస్తే ఆడుద్దండీ. కిరణ్ దాచుకున్నవి మాత్రం ఇంకెప్పటికీ తెరుచుకోవు."

"ఎట్టాగూ తెరుచుకోవట్లేదుగా. నొక్కమ్మా. వాడు నోరు తెరిచి అడిగింది ఇదొక్కటే."

"అమ్మగారిని అడక్కుండా నేను నొక్కనండి."

"కొనేది నేనా, ఆవిడా?" అని ఆయన గొంతు పెంచారు. కీబోర్డు నా వైపుకి లాక్కున్నాను. విసుక్కుంటూనే ఇంటికి ఫోన్ చేసి, నాకిచ్చారు. జరిగింది చెప్పాను.

"పాతది పెడితే మళ్ళీ వాడి పేరు కనపడతదా అమ్మాయ్?" అని అడిగిందావిడ.

"కనపడతదమ్మా."

"నంబర్లు కొట్టుకోవచ్చా?"

"కొట్టుకోవచ్చు. దొరుకుద్దని మాత్రం నేను చెప్పలేను."

"ఆయనకియ్యి."

స్పీకర్ ఆన్‌లోనే ఉంది. "అడిగింది కొనివ్వలేదని మీరు కుమిలిపోతున్నారు. నాకు తెలుసు. నేనేమో వాడి గొంతు, వాడి నవ్వు అందులో ఎక్కడో ఉంటాయని రోజూ తలుపు కొట్టినట్టు కొడుతున్నా. అది కూడా మూసేస్తే పొద్దున్నే లేచి నేనేం చెయ్యాలండీ?"

ఆయన ఫోన్ పెట్టేసి, పాత ప్రాసెసర్‌ని నా ముందుకి జరిపారు. "పాతదే పెట్టమ్మా" అన్నారు.

ఎన్ నొక్కి, ఆపేసి, పాత ప్రాసెసర్ మళ్ళీ బిగించాను. తెర మీద కిరణ్ అనే పేరు, దాని కింద నంబరు కొట్టే గడి వచ్చాయి. ఈ బాక్సు తేవడానికి తప్ప, ఏడాదిగా కిరణ్ గదిలోకే పోలేదట ఆయన. ఆ పేరు మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయారు.

సీల్ విప్పిన ప్రాసెసర్ కంపెనీవాళ్ళు వెనక్కి తీసుకోరు. ఎవరికైనా అమ్మి పెడతానన్నాను. ఒప్పుకోలేదు. డబ్బాతో సహా పట్టుకెళ్ళి ఫొటో ముందు పెట్టుకున్నారు. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు ఆవిడ ఫోన్ చేసింది. నంబరు ఇంకా దొరకలేదు.

కొత్త ప్రాసెసర్ వేయించుకోవచ్చా అని ఎవరైనా అడిగితే, ఇంతకుముందు వాళ్ళు చేసే పనేంటి, వాళ్ళ బోర్డులో అది పడుతుందా అనేవే చూసేదాన్ని. ఇప్పుడు ముందుగా, దీని లాక్ నంబరు ఎవరికి తెలుసని అడుగుతున్నాను. నవ్వి, నాకే తెలుసు అనేవాళ్ళే ఎక్కువ. ఎప్పుడో ఒకరు నవ్వరు, తలదించుకుంటారు. వాళ్ళ బాక్సుకి నేను ఒక్క స్క్రూ కూడా విప్పను.