పన్నెండో ట్యాంకు

మా ఆయన పున్నయ్య లెక్కల మనిషి కాదు. ఆయనకొచ్చిన లెక్క ఒక్కటే, పన్నెండు. మోపిదేవి దగ్గర పవన్ గారి కొబ్బరితోటలో వరుసకో ట్యాంకు చొప్పున గడ్డిమందు పన్నెండు ట్యాంకులు కొట్టి ఆపేస్తాడు. కాలవ పక్కన మిగిలే మూడు వరుసల గడ్డి ఆయన అక్క, మా సంతోషమ్మ వదిన గేదెకు. ఈ ఏర్పాటు పవన్ గారికి తెలియదు. తెలిస్తే పని ఉంటుందా?

ఒకప్పుడు ఆ తోటంతా ఈయనా, వదినా కొడవళ్లతోనే కోసేవారు. కూలీ లేదు, కోసిన గడ్డి కోసినవాళ్లదే. తర్వాత పెట్రోలు మిషన్ వచ్చింది. అది గడ్డిని తుక్కుతుక్కు చేసి మట్టిలో కలిపేసేది, గేదె ముట్టేది కాదు. ఇప్పుడు మందు. మేం గేదెల్ని అమ్మేశాం, ఈయన మందు కొట్టే మనిషయ్యాడు. వదిన మాత్రం గేదెను వదల్లేదు. ఇంట్లో ఉన్నది ఆమే, ఆ గేదే. దాని పాలే ఆమెకు అన్నం. "అక్కకి నేనున్నానుగా" అని ఈయన ఎన్నిసార్లు గొప్పలు పోయాడో!

నిన్న మధ్యాహ్నం అన్నం కలుపుతూ సంబరంగా చెప్పాడు. "కొత్త స్ప్రేయర్ ఇచ్చారే. బ్యాటరీది. ఇరవై లీటర్లు పడుతుంది."

"పాతది?"

"పదహారు."

"మరి ఎన్ని ట్యాంకులు కొట్టావయ్యా?"

"పన్నెం..." ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

పన్నెండు కొత్త ట్యాంకులంటే పాతవి పదిహేను, కాలవ పక్క మూడు వరుసలకూ మందు పడిపోయినట్టే. మందు కొట్టిన గడ్డి రెండు మూడు రోజులు పచ్చగానే ఉంటుంది, చూస్తే తెలియదు. వదిన రోజూ పదకొండింటికల్లా కోసుకుపోతుంది.

"నీ బుర్ర తగలెయ్య! ట్యాంకు పెద్దదైతే తోట కూడా పెరుగుతుందనుకున్నావా?"

చెయ్యి కూడా కడుక్కోకుండా బండి తీశాడు. నేనూ వెనక ఎక్కాను.

తోటలో కాలవ పక్క వరుస అప్పుడే కోసేసి ఉంది. అది చూసి ఈయన బండి వదిన ఇంటివైపు తిప్పాడు. వదిన ఇంటిదాకా నేనే మాట్లాడాను, తిట్లూ మొక్కులూ కలిపి. గేదె బతికితే సుబ్రహ్మణ్యస్వామికి పాలు పోయిస్తానన్నాను. ఎవరి పాలో ఆలోచించలేదు.

పాకలో గేదె నెమరు వేస్తోంది. దాని ముందు పచ్చగడ్డి. ఈయన ఆ గడ్డిని రెండు చేతులా లాగి పారేశాడు.

"ఎంత తిందక్కా? మందు పడిందక్కా, నా వల్లే. డాక్టర్ని పిలుద్దాం" అంటూ ఏడ్చేశాడు.

"ఊరుకో తమ్ముడూ" అంది వదిన. "అది మురుగుకాలవ గట్టు గడ్డి. పొద్దున్నే రెండు మైళ్లు నడిచి కోసుకొచ్చా."

"మరి తోటలోది?"

చెప్పనా వద్దా అన్నట్టు ఆమె నావైపు చూసింది.

"నిరుడు దూడ పోయిందిగా. మందు వల్లో, రోగం వల్లో తెలియదు. అప్పట్నుంచి ఆ గడ్డి వెయ్యట్లేదు."

"రోజూ కోస్తూనే ఉన్నావుగా!"

"కోసి తోట వెనక గోతిలో పడేస్తున్నా. గడ్డి లేచిందంటే పవన్ బాబు అడగడూ, ఇక్కడెందుకు కొట్టలేదని? నీ పని పోతే ఎట్లా?"

మా ఆయన కింద కూర్చుని, పారేసిన గడ్డిని పోచ పోచా ఏరి మళ్లీ గేదె ముందు వేశాడు. తిరిగి బండెక్కేదాకా వదిన మొహంలోకి చూడలేకపోయాడు.