రెండు ఫ్రేములూ, ఒక చాటా

మొన్న మనవరాలు కళ్ళజోడు కొనుక్కుంటూ నన్నూ వెంటబెట్టుకుపోయింది. అంగట్లో అద్దం ముందు నిలబడి ఒకటి పెడుతుంది, తీస్తుంది, తల అటు తిప్పుతుంది, ఇటు తిప్పుతుంది. "అవ్వా, మెటల్‌ది బాగుండాదా, ప్లాస్టిక్‌ది బాగుండాదా?" అనడిగింది. జవాబు చెప్పాల్సింది పోయి నేను నవ్వడం మొదలుపెట్టాను. అంగడాయన మంచినీళ్ళు తెచ్చిచ్చేదాకా ఆ నవ్వు ఆగలేదు. ఆ ఒక్క ప్రశ్న మా ఇంట్లో ఒకప్పుడు వారం రోజులు నడిచింది. మా ఇంట్లోనే ఏమిటి, తిరుపతిలో మా వీధి మొత్తం నడిచింది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి మూడేళ్ళు. మా అత్తది కార్వేటినగరం. రాజుల ఊళ్ళో పుట్టినదాన్నని ఆవిడకు భలే గొప్ప. చారులో ఉప్పెక్కువైనా "మా ఊర్లో ఇట్లే తింటారు" అని గెలిచేది. పొయ్యి నాకిచ్చింది, పాలు నాకిచ్చింది, అటకమీది ఊరగాయ జాడీల దాకా ఇచ్చింది గానీ బియ్యం ఏరే చాట మాత్రం నా చేతికివ్వలేదు. ఇప్పటి పిల్లలకు తెలియదు, అప్పుడు బియ్యంలో సగం వడ్లు, రాళ్ళు, మట్టిబెడ్డలు. మధ్యాహ్నం వసారాలో కాళ్ళు చాపుకొని, చాట ఒళ్ళో పెట్టుకొని ఆవిడ కూర్చుంటే రేపు ఎంత వండాలి, ఎవరిని భోజనానికి పిలవాలి, ఎవరిని పిలవకూడదు, అన్నీ ఆ చాటలోనే తేలేవి. చాట ఎవరిదో ఇల్లు వాళ్ళది. నేను చదివింది ఐదో తరగతే అయినా ఆ లెక్క నాకు బాగా తెలుసు.

అట్లాంటి చాటకు ఆపద వచ్చింది. మా ఆడపడుచును పలమనేరులో ఇచ్చాం. పెళ్ళయ్యాక అల్లుడు మొదటిసారి మా ఇంట్లో ఆకు ముందు కూర్చున్నాడు. నోట్లో మాట లేని మనిషి. రెండో ముద్దకు కరకరమంది. రాయిని తీసి ఆకు అంచున పెట్టాడు. ఇంకో రెండు ముద్దలకు ఇంకొకటి. పప్పన్నం అయ్యేలోపల మూడు రాళ్ళు వరసగా చేరాయి. పక్కనే ఉన్న వాళ్ళమ్మ అంది:

"ఇంకో రెండు పడితే సాలు వదినా, మావాడు గచ్చకాయలాడుకుంటాడు."

అత్త మొహం చూడాలి! వాళ్ళు వెళ్ళిపోగానే నన్ను పిలిచింది. "సూడు మే, వచ్చే ఆదివారం వాళ్ళు మళ్ళా వస్తారు. ఆ పొద్దు ఒక్క రాయి పడిందంటే చాట నీకిచ్చేసి నేను మూలన కూసుంటా" అని, సాయంత్రమే మామను వెంటేసుకొని కళ్ళద్దాలకు బయలుదేరింది.

అంగడాయన చూపు పరీక్ష చేశాడు. మెటల్ ఫ్రేమా, ప్లాస్టిక్ ఫ్రేమా అన్నదగ్గర అత్త తేల్చుకోలేకపోయింది. మామకు తెలిసినాయనే కాబట్టి రెండూ ఇచ్చి పంపాడు. ఏదో ఒకటి తేల్చి తెస్తే అప్పుడు అద్దాలు చేసి బిగిస్తానన్నాడు. ఆ మాట వినడానికి అత్త అక్కడుంటే కదా, అప్పటికే రిక్షాలో కూర్చుంది.

ఇంటికొస్తూనే మెటల్‌ది పెట్టుకొని "అబ్బ, లోకమంతా కడిగి పెట్టినట్టుండాదే!" అంది. మరుసటి రోజు ప్లాస్టిక్‌ది. వీధిలో ఉన్న ఆడవాళ్ళందరూ వచ్చి చూశారు. మెటల్‌ది పోస్టుమాస్టరు మాదిరి హుందాగా ఉందని ఒకరు, గోధుమరంగు ప్లాస్టిక్‌ది పసుపు రాసిన మొహానికి నప్పిందని ఒకరు. అత్తకు హుందా కావాలి. కానీ ఆవిడకు రెండుపక్కలా ముక్కుపుడకలు. మెటల్ ఫ్రేము జారి వాటిమీద కూర్చునేది, పొయ్యి దగ్గరకొస్తే చుర్రుమనేది. ప్లాస్టిక్‌ది కాలదు గానీ చెమటకు చెవులవెనక ఒరుసుకునేది. "మెటల్‌దాంట్లో రాయి సన్నంగా కనపడతాది మే. ప్లాస్టిక్‌దాంట్లో శనగ్గింజంత కనపడతాది" అని నాకు తేడా కూడా చెప్పింది.

శుక్రవారం పొద్దున ఒక ఈగ ఫ్రేములోంచి నేరుగా దూరి ఆవిడ కనురెప్పమీద వాలింది. అద్దం ఉంటే ఈగ అక్కడికెట్లా పోయింది? మామను పెరట్లోకి పిలిచి అడిగాను. "ఉత్త ఫ్రేములే పాపా. చెప్దామనే సూస్తా ఉండా, మీ అత్త సందిస్తేగదా!" అన్నాడాయన.

చెప్తే ఆవిడ వీధిలో తలెత్తుకోలేదు. చెప్పకపోతే ఆదివారం రాళ్ళు పడతాయి, చాట నాకొస్తుంది. అబద్ధమెందుకు, ఒక పూటంతా ఆ చాట నా ఒళ్ళో ఉన్నట్టే ఊహించుకున్నాను. కానీ అల్లుడు ఆకు అంచున రాళ్ళు పేర్చడం, అత్త అట్లా చూస్తూ నిలబడటం గుర్తొచ్చింది. శనివారం మధ్యాహ్నం ఆవిడ ఏరి, ఫ్రేము తలగడ పక్కన పెట్టుకొని కునుకు తీస్తుంటే ఆ బియ్యాన్ని నేను మళ్ళీ ఏరాను. పిడికెడు రాళ్ళొచ్చాయి. గోడవతల పారేశాను.

ఆదివారం అల్లుడు మారు అన్నం పెట్టించుకున్నాడు. ఆకు అంచున కరివేపాకు తప్ప ఏమీ లేదు. అత్త ప్లాస్టిక్ ఫ్రేములోంచి అందరినీ చూస్తూ నెయ్యి వడ్డించింది. చేతులు కడుక్కొని వచ్చిన వియ్యపురాలు "ఇంత బాగా కనపడతాదా వదినా? ఏదీ, ఇట్లియ్యి, నేనూ సూస్తా" అని ఫ్రేము లాక్కుంది. తుడుద్దామని కొంగు పెట్టింది. కొంగు, వేలు, రెండూ అవతలికి వచ్చేశాయి.

అత్త ఆ వేలు చూసింది, రాయి లేని అల్లుడి ఆకు చూసింది, తర్వాత నావైపు తిరిగింది. అంతా అర్థమయింది ఆవిడకు. అయినా కార్వేటినగరం మనిషి గదా!

"ఇంట్లో పనికి ఫ్రేము సాలు వదినా. అద్దాలు బయటికి పొయ్యేటప్పుడు. మా ఊర్లో అంతే" అంది.

సోమవారం అంగడికి నేనే తోడు వెళ్ళాను. "ప్లాస్టిక్‌దే బిగించప్పా, దాంట్లోనే బాగా కనిపించింది" అని ఆయనకు గట్టిగా చెప్పింది. ఆయన నావైపు చూశాడు. నేను వీధివైపు చూశాను.

అద్దాలు వచ్చిన రోజు చాట మా ఇద్దరి మధ్యా పెట్టింది. సగం బియ్యం నావైపు తోసింది. కళ్ళజోడు పెట్టుకొని తలెత్తి, నన్ను చూసి అట్లాగే ఆగిపోయింది.

"ఏమ్మే, నీ గడ్డం మీద పుట్టుమచ్చ యాడిది?"

"పుట్టినప్పటినించీ ఉండాదత్తా."

"మూడేండ్లుగా ఈడనే ఉండావు, ఒక మాట చెప్పాల్నా లేదా?" అని నన్నే కోప్పడింది. ఆ పైన చాలాసేపు బియ్యం ఏరలేదు, నన్నే చూస్తూ కూర్చుంది.

ఒకే వంటింట్లో తిరిగే మనిషి మొహం కనపడటానికి ఆవిడకు మూడేళ్ళు పట్టింది. ఆవిడ పోయి ఇన్నేళ్ళయినా, ఆ రోజు నన్ను చూసిన ఆ మొహం నాకు అద్దాల్లేకుండానే కనపడుతూ ఉంది.