ఒక్క వాక్యం దిద్దడానికి మూడు ఊళ్ళు తిరిగిన మాస్టారు

మా పాలిటిక్స్ మాస్టారు మొన్న గురువారం తెల్లవారుజామున కాలం చేశారు. బాపట్ల నుంచి స్నేహితుడు ఫోన్ చేసి, "మాస్టారు ఇక లేర్రా" అన్నాడు. ఎంతటి విషాద వార్తకైనా నా నాలుక చివర ఒక జోకు సిద్ధంగా ఉంటుంది. అది నా శారీరక లోపం. ఆ పొద్దున కూడా వచ్చింది. ఆయన విషయంలో నేను మింగేసిన జోకు అదొక్కటే.

కాలేజీలో రిటైరయ్యాక ఆయన తెనాలిలో ఒక మేడమీది గదిలో బి.ఏ. వాళ్ళకు ట్యూషన్ చెప్పేవారు. శనివారం ప్యాసింజర్ ఎక్కి రేపల్లె, ఆదివారం బాపట్ల. మూడు ఊళ్ళకూ ఒకటే నోట్సు. ఎప్పుడో పాత బ్యాచ్ ఒకటి ఆయన చెబుతుంటే రాసుకుంది. ఆ తర్వాతివాళ్ళందరం జిరాక్స్ సంతానం. తీసిన జిరాక్స్‌కే మళ్ళీ జిరాక్స్ తీయగా అక్షరాలు చీమల బారులా మిగిలాయి. అయినా మాకదే వేదం. టెక్స్ట్‌బుక్ కొన్నవాణ్ణి అనుమానంగా చూసేవాళ్ళం.

నోట్సులో బ్రిటన్, అమెరికా, స్విట్జర్లాండ్ అన్నీ ఉన్నా, మాస్టారి ప్రాణం మాత్రం చైనా. పుస్తకం చూడకుండా బోర్డు మీద పటం గీసేవారు. "కోడిపుంజులా ఉంటుందర్రా. పుంజు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదుగా" అనేవారు. తోక దగ్గర షిన్‌జియాంగ్, దాని కింద టిబెట్, వీపున ఇన్నర్ మంగోలియా. మొత్తం యాభై ఆరు జాతులు. నూటికి తొంభై మందికి పైగా హాన్‌లే. మిగతావారిలో పెద్ద జాతుల కోసం అయిదు స్వయంపాలిత ప్రాంతాలు. ఇదంతా చెప్పి, కళ్ళు మూసుకుని చివరి వాక్యం అనేవారు: "ఈ విధంగా చైనా స్వయంపాలన ద్వారా జాతుల సమస్యను సంతృప్తికరంగా పరిష్కరించుకుంది."

మాకది పరీక్షలో పెద్ద ప్రశ్నకు ముగింపు. చదువుకునే రోజుల్లోనే ఎర్రజెండా పట్టిన ఆయనకు అది నమ్మకం.

నేను ఫైనలియర్‌లో ఉండగా, ఒక డిసెంబరులో, ఆ పాఠం వచ్చింది. స్వయంపాలిత ప్రాంతానికి చైర్మన్‌గా అక్కడి జాతి మనిషే ఉండాలని చట్టం. పక్కనే పార్టీ కార్యదర్శి ఉంటాడు. ఆయన మామూలుగా హాన్. ఇక్కడ చివరి బెంచీ నుంచి నేను లేచాను.

"ఇద్దరిలో ఎవరి మాట చెల్లుతుందండి?"

"కార్యదర్శిదే. నాయకత్వం పార్టీది కదరా."

"అంటే మా ఊరి సర్పంచి గారి టైపండి. లేడీస్ రిజర్వేషన్. సంతకం ఆవిడది, ఊరు వాళ్ళాయనది. కుర్చీలో ఆవిడ కూర్చుంటే పక్కన నిలబడి ఆయన మాట్లాడతాడండి."

గది గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. ఎప్పుడూ అనే "కూర్చోరా వెధవా" కూడా అనలేదు. సుద్దముక్క పట్టుకుని పటం వైపే చూస్తూ, "ఆవిడకెలా ఉందో మీరెవరైనా అడిగారా?" అన్నారు.

"లేదండి. అడగాలంటే వాళ్ళాయన్ని దాటుకు వెళ్ళాలండి."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇంకా పావుగంట ఉండగానే క్లాసు అయిపోయిందన్నారు.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని బజారుకు నడిచారు. చలికాలంలో టిబెట్ వాళ్ళు మన ఊళ్ళకొచ్చి, రోడ్డు పక్కన తాళ్ళు కట్టి స్వెటర్లు అమ్ముతారు. తెనాలి చలికి అవి కొనేది బాలింతలూ మా మాస్టారూ. ఏటా ఒక మఫ్లరు కొనే పరిచయం కొద్దీ అక్కడున్న ఒకావిడను అడిగారు.

"అమ్మా, మీ టిబెట్లో జనం ఎలా ఉన్నారు?"

"నాకేం తెలుసు తాతగారూ, నేను కర్ణాటకలో పుట్టాను. శరణార్థుల క్యాంపులో."

"మీవాళ్ళెవరూ లేరా అక్కడ?"

"పెద్దమ్మ ఉంది. అమ్మ ఫోన్ చేస్తుంది. ఎలా ఉన్నావంటే, వాతావరణం బాగుంది అంటుంది. కొడుకెలా ఉన్నాడంటే, వాతావరణం బాగుంది. ఎన్నేళ్ళయినా అదే మాట." మాస్టారు అర్థం కానట్టు చూస్తుంటే, ఆవిడ స్వెటరు మడతపెడుతూ గొంతు తగ్గించింది. "ఎవరో వింటారని భయం తాతగారూ."

తిరిగి వస్తూ ఆయన, "ముప్పై ఏళ్ళు చెప్పాన్రా. ఒక్కరినీ అడగలేదు" అన్నారు.

"సిలబస్ వేసినవాళ్ళు మాత్రం అడిగారాండి?" అన్నాను. నా జోకు కింద పడింది. ఆయన దాన్ని దాటుకుని నడిచారు.

మర్నాడు ఆ వాక్యాన్ని దిద్దాలన్నారు. మేం తిరుగుబాటు చేశాం. పరీక్షలు దగ్గరపడ్డాయి, మార్కులు పోతాయండి అని మొత్తుకున్నాం.

"పరీక్షలో పాతదే రాసుకోండిరా. పేపర్లు దిద్దేవాడూ నా నోట్సు చదివినవాడే అయ్యుంటాడు. నా నోట్సులో మాత్రం అది అలా ఉండకూడదు."

"అంటే అబద్ధమాండి?"

"నాకు తెలీదు. తెలీకుండా తెలిసినట్టు రాయించాను. అదీ నా తప్పు."

సాయంత్రాలు ఆయనతో టీ తాగే పాత పార్టీ స్నేహితులకు ఈ కబురు చేరింది. ఒకాయన అందరి ముందూ, "ఏంటి మాస్టారూ, ఈ వయసులో పార్టీ మారుతున్నారా?" అన్నాడు.

"వాక్యం మార్చానయ్యా. జెండా అక్కడే ఉంది" అన్నారు మాస్టారు. చైనా రైళ్ళనీ స్కూళ్ళనీ చివరిదాకా మెచ్చుకున్న మనిషే ఆయన. అయినా ఒక్కొక్కరే రావడం మానేశారు. టీకొట్టు బెంచీ మీద ఆయన ఒక్కరే కూర్చోవడం చూసి, "నా వల్లేనండి ఇదంతా" అన్నాను.

"నువ్వు నవ్వించావురా. నవ్వాగాక మిగిలింది నాది" అన్నారు.

దిద్దడమంటే ఆయన పద్ధతి వేరు. మీరే మార్చుకోండని వదల్లేదు. మూడు ఊళ్ళలో ఉన్న ప్రతి కాపీనీ అడిగి తీసుకుని, ఎర్ర సిరాతో స్వయంగా రాశారు. నేనూ వెంట తిరిగాను. పాత వాక్యం కొట్టేయలేదు. దాని పక్కనే, "అని అక్కడి ప్రభుత్వం చెబుతుంది. అక్కడివారిని నేను అడగలేదు" అని చేర్చారు. బాపట్లలో ఒకమ్మాయి నోట్సు వెనక్కి దాచుకుంది.

"బట్టీ పట్టేశానండి మాస్టారూ, ఇప్పుడు మారిస్తే బుర్రలో కలిసిపోద్దండి."

"బుర్రలోది నేనెలాగూ దిద్దలేనమ్మా. కాగితం ఇవ్వు."

ఆఖరి శనివారం రేపల్లెలో ఒకతను తన కాపీని లంక ఊళ్ళో ఉన్న పినతండ్రి కూతురికి ఇచ్చేశానని చెప్పి, మాస్టారు వస్తున్నారని ఆమెకు ఫోన్ చేశాడు. ఊరవతల రేవు దాకా ఆటోలో వెళ్ళాం.

"వదిలేయండి మాస్టారూ. ఒక్క కాపీయే కదండి" అన్నాను.

"దాన్నుంచే జిరాక్స్ తీస్తార్రా" అన్నారు.

పడవలో ఒక్కరికే చోటుంది. నన్ను గట్టు మీద వదిలి ఆయనే ఎక్కారు. పాలక్యాన్ల మధ్య, తడవకుండా పంచె పైకి మడిచి, చెప్పులు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. ఏటి గాలికి నెరిసిన జుట్టంతా ఒక పక్కకు లేచింది. ఎదుటి ఒడ్డున ఒకమ్మాయి, కాగితాలు ఎగిరిపోకుండా రెండు చేతులతో గుండెకు అదుముకుని, నీళ్ళ అంచు దాకా దిగి నిలబడి ఉంది.